‘మరోచరిత్ర’కు ముందు బాలచందర్: నన్నిలం నుంచి ‘అరంగేట్రం’ దాకా

వెండితెర వెనుక:

మన సినీ చర్చా వేదికలో కె. బాలచందర్ గారి మాట వచ్చినప్పుడల్లా అది ‘అంతులేని కథ’ దగ్గరో ‘మరోచరిత్ర’ దగ్గరో మొదలై, ‘ఆకలి రాజ్యం’ మీదుగా ‘రుద్రవీణ’ దాకా వెళ్ళి ఆగిపోతోంది. ‘అంతులేని కథ’ విడుదలైన 1976లో ఆయనకు నలభై ఆరేళ్ళు. అప్పటికి దర్శకుడిగా పదకొండేళ్ళ అనుభవమూ, దానికి వెనుక మరో పదిహేనేళ్ళ నాటకానుభవమూ ఉన్నాయి. మనలో చాలామందిమి చూసింది పండిన చేనునే. దున్నిందీ నారు పోసిందీ మన కంటపడలేదు. ఆ ముందు సంగతులు మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఆయన 1930 జూలై 9న, అప్పటి తంజావూరు జిల్లాలోని నన్నిలంలో పుట్టారు. తండ్రి కైలాసం గారు గ్రామ మునసబు. ఎనిమిదేళ్ళ వయసు నుంచే సినిమాల పిచ్చి. ఆ రోజుల్లో తమిళ దేశాన్ని ఊపేసిన గాయకనటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్ అంటే వీరాభిమానం. పన్నెండేళ్ళు వచ్చేసరికి నాటకాల్లోకి దిగారు. చిదంబరంలోని అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి 1949లో బి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్నారు, ముత్తుపేటలో ఏడాదిపాటు బడిపంతులుగా చేశారు, 1950లో మద్రాసు వచ్చి, ప్రభుత్వ లెక్కలు చూసే అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసులో అప్రెంటిస్ గుమాస్తాగా చేరారు. తొలి చిత్రం ‘నీర్‌కుమిళి’ (నీటిబుడగ) 1965లో వచ్చింది. ఈ మధ్యకాలంలో ఆయన ఏ స్టూడియోలోనూ క్లాప్ కొట్టలేదు, ఏ దర్శకుడి దగ్గరా సహాయకుడిగా చేరలేదు. మరి సినిమా తీయడం ఎక్కడ నేర్చుకున్నట్టు?

కృష్ణా తీరం:

మీరు ఏజీ ఆఫీసు అనగానే ఊరుకోలేక రాస్తున్నాను. నేను హైదరాబాదు సైఫాబాదులోని ఏజీ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడి పని ఎరగనివాళ్ళకు అది ఉత్త కూడికలూ తీసివేతలూ అనిపిస్తుంది. నిజానికి జిల్లా ఖజానాల నుంచి నెలనెలా లెక్కలతో పాటు వోచర్ల కట్టలు వస్తాయి. కట్ట విప్పితే ముందు దుమ్ము, తర్వాత జిగురు వాసన, ఆ తర్వాత మనుషులు. వరదలో కొట్టుకుపోయిన వంతెనకు చెల్లించిన బిల్లు, చనిపోయిన గుమాస్తా భార్యకు రావలసిన పింఛను, కూతురి పెళ్ళికి భవిష్యనిధి నుంచి అప్పు తీసుకున్న బడిపంతులు, వీళ్ళందరూ ఆ కాగితాల్లోనే ఉంటారు. ఎవరు మంజూరు చేశారు, ఏ పద్దు కింద చేశారు, ఎందుకు చేశారు అని ప్రతి కాగితాన్నీ నిలదీయడమే మా ఉద్యోగం. పదిహేనేళ్ళు ఆ పని చేసిన మనిషి మధ్యతరగతి సంసారాల గురించి రాస్తే అంకెతో సహా రాస్తాడు.

‘భామా విజయం’ (1967) చూడండి. పక్కింట్లోకి ఒక సినిమా నటి అద్దెకు దిగుతుంది. ఆమె ముందు గొప్పలకు పోయిన ముగ్గురు తోడికోడళ్ళు సంసారాన్ని అప్పులపాలు చేస్తారు. అందులో ‘వరవు ఎట్టణా, సెలవు పత్తణా’ అనే పాట ఉంది. రాబడి ఎనిమిది అణాలు, ఖర్చు పది అణాలు అని అర్థం. తమిళంలో ‘సెలవు’ అంటే ఖర్చు. మా ఆఫీసులో సెలవు పెట్టినా ఖర్చే అయ్యేది, అది వేరే సంగతి. పాట రాసింది కణ్ణదాసన్ గారే గానీ, ఆ కథ మొత్తం పద్దుల పుస్తకం దగ్గర కూర్చున్నవాడి కథ.

మరో మాట. ఏజీ ఆఫీసులకు సాహిత్యంతో, నాటకంతో ఎప్పటినుంచో చుట్టరికం ఉంది. మా ఆఫీసు ఉద్యోగుల ‘రంజని తెలుగు సాహితీ సమితి’ పేరు కవితాప్రియులకు తెలిసే ఉంటుంది. సాయంత్రం ఫైళ్ళు సర్దేసి రిక్రియేషన్ క్లబ్బు గదిలో బల్లలు పక్కకు జరిపి రిహార్సల్ వేసుకోవడం నేను కూడా చేసిన పనే. ఆ బల్లల మధ్య ఖాళీ పది అడుగులు మించేది కాదు. నటుడు గట్టిగా అడుగు వేస్తే బీరువాకు తగిలేవాడు. అందువల్ల మా నాటకాల్లో అందరూ కూర్చునే మాట్లాడేవారు.

మైలాపూర్ తెలుగు:

కృష్ణా తీరం గారు చెప్పిన ఆ పది అడుగులే మద్రాసు సభల (కళాభిమానుల సంఘాల) నాటకాలకూ కొలమానం. నేను పుట్టి పెరిగింది ఇక్కడే కనుక ఆ వాతావరణం కొంత చెప్పగలను. స్వాతంత్ర్యానికి ముందు తమిళ నాటకమంటే టి.కె.ఎస్. సోదరులూ, నవాబ్ రాజమాణిక్యం వంటివారి వృత్తి నాటక సమాజాలే. పెద్ద తెరలు, రథాలు, మెరుపులు, వానలు, నాటకాన్నే నమ్ముకుని తిరిగే బాల నటులు ఉండేవారు. మీకు సురభివారు ఎలాగో మాకు వాళ్ళు అలాగ. 1950ల నుంచి ఆ వైభవం తగ్గుతూ వచ్చి, దాని స్థానంలో పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి వేషం వేసే ఔత్సాహికుల సంఘాలు పుట్టుకొచ్చాయి. వై.జి. పార్థసారథి గారు 1952లో ప్రారంభించిన యునైటెడ్ అమెచ్యూర్ ఆర్టిస్ట్స్ వాటిలో ముఖ్యమైనది. బాలచందర్ గారు మొదట చేరింది అందులోనే. తర్వాత ‘రాగిణి రిక్రియేషన్స్’ అని సొంత బృందం పెట్టుకున్నారు.

ఈ నాటకాలకు పోషకులు మైలాపూర్, ట్రిప్లికేన్ ప్రాంతాల సభలు. సభ్యులు చందా కడతారు. సభవారు వాళ్ళకు ఒకనాడు కచేరీ, ఇంకొకనాడు నాటకం ఏర్పాటు చేస్తారు. చూసేవాళ్ళు కూడా గుమాస్తాలు, టీచర్లు, వకీళ్ళు, వాళ్ళ ఇల్లాళ్ళు. ప్రదర్శన ఆరున్నరకు మొదలై, ఆఖరి బస్సుకు ముందే ముగియాలి. సెట్టు ఒక్కటే ఉండాలి, ఎందుకంటే మర్నాడు ఇంకో సభలో ఆడాలి, దాన్ని వ్యానులోకి ఎక్కించేది నటులే. ఇన్ని ఇబ్బందుల మధ్య ప్రేక్షకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టగలిగేది రెండే: మాటలో పదును, కథలో మెలిక. బాలచందర్ గారు ఈ రెంటినీ అక్కడే సాన పెట్టుకున్నారు. ఆయన నాటకాల్లో వేసిన హాస్యనటుడు నాగేష్ కూడా రైల్వేలో గుమాస్తాగా ఉండి నాటకాల్లోకి వచ్చినవారే. ‘మేజర్ చంద్రకాంత్’ నాటకంలో అంధుడైన మేజరు పాత్ర వేసిన సుందరరాజన్‌కు ‘మేజర్’ అనేది ఇంటిపేరు కన్నా గట్టిగా అంటుకుపోయింది.

రంగస్థల విద్యార్థి:

పెద్దలకు నమస్కారం. నేను రంగస్థల కళల శాఖలో ఎం.ఎ. చదువుతున్నాను. ‘మేజర్ చంద్రకాంత్’ను ఆయన మొదట ఇంగ్లీషులో రాశారని విన్నాను. తంజావూరు పల్లె నుంచి వచ్చిన మనిషి మద్రాసులో ఇంగ్లీషు నాటకం రాయడమేమిటి? నాటకంలో కథ ఏమిటో కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను. ఎన్.టి. రామారావు గారి ‘మేజర్ చంద్రకాంత్’ (1993) కథ ఇదేనా?

మైలాపూర్ తెలుగు:

కాదండీ, రామారావు గారి చిత్రానికీ దీనికీ పేరు ఒక్కటే కలిసింది. ఇంగ్లీషులో రాసిన మాట నిజమే. ఆ కాలపు మద్రాసు ఆఫీసుల్లో నోటింగ్ నుంచి వేడుకోలు దాకా అంతా ఇంగ్లీషే కనుక, అక్కడి చదువరులైన ఉద్యోగుల కోసం ఇంగ్లీషు నాటకం రాయడం వింత కాదు. తర్వాత ఆయనే దాన్ని తమిళంలో తిరగరాశారు, అప్పుడే ఊరంతా దాని గురించి మాట్లాడుకుంది.

కథ చెబుతాను. కళ్ళు పోయిన రిటైర్డ్ మేజరు, నీతికి ప్రాణమిచ్చే మనిషి. పెద్ద కొడుకు పోలీసు అధికారి. చిన్నకొడుకు ఒక పేదపిల్లను ప్రేమించి మోసం చేస్తాడు, ఆమె ఆత్మహత్య చేసుకుంటుంది. ఆ పిల్ల అన్న, బట్టలు కుట్టుకుని బతికే దర్జీ, చిన్నకొడుకును చంపి పోలీసుల నుంచి తప్పించుకుంటూ ఆశ్రయం కోసం ఒక ఇంట్లో దూరతాడు. అది ఆ మేజరు ఇల్లే. తన కొడుకును చంపినవాడని తెలియక ఆయన ఆదరిస్తాడు, వీడు ఎవరి నీడన ఉన్నాడో వీడికీ తెలియదు. ప్రేక్షకుడికి మాత్రం అన్నీ తెలుసు. గదిలో ఇద్దరు మనుషులు మర్యాదగా మాట్లాడుకుంటూ ఉంటే, ఆ మర్యాదే చూసేవాడికి ఊపిరాడనివ్వదు. సెట్టు మార్చనక్కరలేదు, కత్తి ఝళిపించనక్కరలేదు. మేజరు పాత్రను అంధుడిగా చేయడంలోని నేర్పు చూడండి: ఎదురుగా నిలబడినవాడి ముఖంలో రంగులు మారుతుంటే మనం చూస్తాం, ఆయన చూడలేడు.

పాత పాటల పెట్టె:

ఈ కథను తెలుగువాళ్ళు ఎప్పుడో చూశారు, కాకపోతే బాలచందర్ గారి పేరుతో గుర్తుపెట్టుకోలేదు. 1968లో ఐ.ఎస్. మూర్తి గారి దర్శకత్వంలో వచ్చిన ‘సుఖదుఃఖాలు’ ఇదే కథ, మేజరుగా ఎస్.వి. రంగారావు గారు వేశారు. దేవులపల్లి వారు రాసి, కోదండపాణి గారు బాణీ కట్టి, సుశీలమ్మ పాడిన ‘ఇది మల్లెల వేళయనీ’ ఇందులోదే. ఆ పాట పాడుకునేవాళ్ళలో వందకు ఒక్కరికైనా ఆ సినిమా మూలం మద్రాసు సభలో ఆడిన నాటకమని తెలుసా అని నా అనుమానం. హిందీలో ఇంకా ముందే, 1965లోనే, అశోక్ కుమార్ మేజరుగా ‘ఊంచే లోగ్’ వచ్చింది. బాలచందర్ గారు స్వయంగా ఏవీఎం వారికి తమిళంలో తీసింది 1966లో. అంటే రచయితగా ఆయన హిందీ దాకా వెళ్ళిన తర్వాతే ఈ నాటకాన్ని తనే తీసుకునే అవకాశం దొరికింది.

తెలుగులో మిగతా వరస కూడా చెప్పేస్తాను. ‘భామా విజయం’ను ఆయనే 1968లో ‘భలే కోడళ్ళు’గా తీశారు. 1969లో చలం గారితో ‘సత్తెకాలపు సత్తెయ్య’, 1971లో ఏవీఎం వారికి ‘బొమ్మా బొరుసా’ కూడా ఆయన దర్శకత్వమే. ‘ఎదిర్‌నీచ్చల్’ (1968) మాత్రం వేరేవారి దర్శకత్వంలో 1970లో ‘సంబరాల రాంబాబు’ అయింది. బాలు గారి గొంతులో ‘మామా చందమామా విన రావా నా కథ’ అందులోనిదే. నా చిన్నతనంలో మా మేనమామ రేడియోలో ఆ పాట వస్తే భోజనం మధ్యలో చెయ్యి ఆపేసేవాడు, అన్నం ఎండిపోయేది. పెద్దయ్యాక సినిమా చూస్తే అర్థమైంది, పదిమంది ఇళ్ళలో చాకిరీ చేస్తూ చదువుకున్న అనాథ కుర్రవాడి పాట అది. మా మామ కూడా వారాలు చేసుకుని చదువుకున్నవాడే.

నలుపు తెలుపు:

ఇంతవరకు అందరూ పొగడ్తలే రాశారు కనుక నేను కొంచెం అడ్డం తిరుగుతాను. మీరు చెప్పినవన్నీ నాటక రచయిత గొప్పతనాలు. సినిమా దర్శకుడి గొప్పతనాలు కావు. ‘నీర్‌కుమిళి’ ఆసుపత్రి గదులు దాటదు. ‘మేజర్ చంద్రకాంత్’ ఆ ఇంటి చుట్టూనే తిరుగుతుంది. పాత్ర వస్తుంది, ఒక చమత్కారం విసురుతుంది, పోతుంది. కెమెరా ముందు వరస కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడి కన్నా పెద్దగా ఏమీ చేయదు. అదే 1930లో పుట్టిన మన కె. విశ్వనాథ్ గారిని చూడండి. ఆయన వాహినిలో శబ్దగ్రహణ శాఖలో మొదలుపెట్టి, ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర పనిచేసి, ఇంచుమించు అదే కాలంలో ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యారు. విశ్వనాథ్ గారి చిత్రాల్లో మాట ఆగిపోయిన చోట కూడా వినడానికి ఏదో ఉంటుంది. తొలినాళ్ళ బాలచందర్ చిత్రాల్లో మాట ఆగితే తెర ఖాళీగా కనిపిస్తుంది. పైగా ‘అపూర్వ రాగంగళ్’ (1975) వంటి సాహసాన్ని కూడా ఆయనే తెలుగులో ‘తూర్పు పడమర’గా తీసినప్పుడు అది సంభాషణల చిత్రంగానే మిగిలింది.

పాత పాటల పెట్టె:

చిన్న సవరణ. ‘తూర్పు పడమర’ (1976) తీసింది దాసరి నారాయణరావు గారు, బాలచందర్ గారు కాదు.

నలుపు తెలుపు:

పొరపాటు నాదే, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. మిగతా వాదన మాత్రం వెనక్కి తీసుకోను.

వెండితెర వెనుక:

తీసుకోనక్కరలేదు, ఎందుకంటే మీ వాదనలో సగం బాలచందర్ గారికే తెలుసు. ఆయన సినిమాకు ఎగబడి వచ్చినవారు కారు. ఎం.జి.ఆర్. కథానాయకుడిగా ఆర్.ఎం. వీరప్పన్ గారు తీస్తున్న ‘దైవత్తాయ్’ (1964)కు మాటలు రాయమని పిలుపు వచ్చినప్పుడు ఆయన మొదట వెనకాడారు, మనసు నాటకం మీదే ఉంది. ఆఫీసులో సూపరింటెండెంటుగా ప్రమోషన్ వచ్చిన రోజులవి. మిత్రులు బలవంతపెడితే ఒప్పుకున్నారు. అదే ఏడు ఆయన నాటకం ‘సర్వర్ సుందరం’ను ఏవీఎం వారు తీసుకుని కృష్ణన్-పంజు దర్శకత్వంలో తీశారు. హోటల్ సర్వరుగా ఉన్నవాడు సినిమా నటుడై, డబ్బూ పేరూ వచ్చాక కూడా కోరుకున్నది పొందలేకపోవడం దాని కథ. నాగేష్‌కు జీవితకాలపు వేషం అది. ఆ మరుసటి ఏడే ‘నీర్‌కుమిళి’.

ఇక్కడ గమనించవలసింది ఆయన ఎవరిని ఎంచుకున్నారన్నది. ఎం.జి.ఆర్., శివాజీ గణేశన్‌ల వెలుగులో తమిళ చిత్రసీమ నడుస్తున్న కాలంలో తన తొలి చిత్రానికి నాయకుడిగా నాగేష్‌ను నిలబెట్టారు. హాస్యనటుడిని మృత్యువుకు ఎదురుగా నిలబెట్టి ఆసుపత్రిలో నవ్వించమన్నారు. ఎం.జి.ఆర్.ను ఆయన ఎన్నడూ డైరెక్ట్ చేయలేదు. శివాజీ గారితో ఒక్కటే, ‘ఎదిరొలి’ (1970), అది ఆడలేదు. నాటక బృందంలో తారలు ఉండరు, పాత్రకు సరిపోయేవాళ్ళు ఉంటారు. ఆ అలవాటునే స్టూడియోలోకి తెచ్చుకున్నారు, తర్వాత కమల్, రజని, సరిత వంటివాళ్ళను ధైర్యంగా తెర మీద నిలబెట్టగలగడం కూడా ఆ అలవాటు ఫలమే అని నా నమ్మకం. షావుకారు జానకి గారి సంగతి వేరే చెప్పాలి. రాజమండ్రిలో పుట్టి, విజయావారి ‘షావుకారు’ (1950)తో పేరు తెచ్చుకుని, కన్నీటి పాత్రల్లో కూరుకుపోయిన ఆమెను ‘ఎదిర్‌నీచ్చల్’లో పట్టుమామి అనే గడుసు ఇల్లాలిగా నవ్వించిందీ, ‘ఇరు కోడుగళ్’లో కలెక్టరును చేసిందీ ఆయనే.

కృష్ణా తీరం:

‘ఇరు కోడుగళ్’ (1969) మాట వచ్చింది కనుక చెబుతాను. జోసెఫ్ ఆనందన్ గారి నాటకం దానికి ఆధారం, ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. మనకు జమున గారితో ‘కలెక్టర్ జానకి’ (1972)గా వచ్చింది. ఒకప్పుడు విడిపోయిన భార్య కలెక్టరై అదే ఆఫీసుకు వస్తుంది, భర్త అక్కడ గుమాస్తా. ఇంట్లో రెండో భార్య. ‘ఇరు కోడుగళ్’ అంటే రెండు గీతలు; గీసిన గీతను చెరపకుండా చిన్నది చేయాలంటే పక్కన ఇంకా పెద్ద గీత గీయాలన్నది ఆ పేరులోని భావం. కథ ఎవరిదైనా, ఫైలు పట్టుకుని పై అధికారి గది తలుపు ముందు నిలబడినప్పుడు గుమాస్తా వెన్ను ఎలా వంగుతుందో దర్శకుడికి స్వయంగా తెలుసు. అలా నేనూ ఎన్నోసార్లు నిలబడ్డాను. గది తలుపుకున్న సగం రెక్కల కింద నుంచి లోపలివారి చెప్పులు మాత్రమే కనిపించేవి. ఆ చెప్పులు కదిలే తీరును బట్టి లోపలికి వెళ్ళాలో మానాలో తేల్చుకునేవాళ్ళం.

ఇంకో ముడి కూడా ఉంది. మన ఆత్రేయ గారు రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నది ‘ఎన్.జి.ఓ.’ నాటకంతో, అదీ గుమాస్తా బతుకే. ‘అంతులేని కథ’కు మాటలు, పాటలు రాసింది ఆ ఆత్రేయ గారే. ‘మరోచరిత్ర’కు మాటలు రాసిన గణేశ్ పాత్రో గారు కూడా ‘కొడుకు పుట్టాల’ వంటి నాటకాలతో వచ్చినవారు. తెలుగులోకి తిరిగి వచ్చినప్పుడు బాలచందర్ గారు వెతుక్కున్నది మళ్ళీ నాటకం మనుషులనే.

నలుపు తెలుపు:

ఈ చర్చ కోసం రెండు రాత్రులు కూర్చుని ‘ఎదిర్‌నీచ్చల్’, ‘అరంగేట్రం’ (1973) మళ్ళీ చూశాను. మొదటిదాని విషయంలో నా మాట కొంత సడలిస్తున్నాను. కథానాయకుడు ‘మాడిప్పడి’ మాదు, అంటే మెట్ల కింది మాదు. పలు కుటుంబాలు అద్దెకుండే ఇంట్లో, మెట్ల కింద ఇరుకు జాగాలో పడుకుంటాడు. అందరూ అతన్ని పనికి పిలుస్తారు. సెట్టు నాటకానిదే, ఒప్పుకుంటాను. కానీ మెట్లు అనేవి పైవాళ్ళు కిందికి చూడటానికి, కిందివాడు పైకి చూడటానికి ఉన్నాయి. ఆ చూపుల ఎత్తుపల్లాలు సభలో వెనక వరసవాడికి ఇంత దగ్గరగా కనబడవు. అది కెమెరా చేసిన పనే.

‘అరంగేట్రం’ సంగతి వేరు. పౌరోహిత్యంతో పూట గడవని పెద్ద సంసారం, ఆ సంసారాన్ని మోయడానికి ఉద్యోగానికి వెళ్ళి చివరికి శరీరాన్ని అమ్ముకునే పెద్దకూతురు. ప్రమీల ముఖ్యపాత్ర, కమల్ హాసన్‌కు బాలనటుడి దశ దాటాక దొరికిన తొలి చెప్పుకోదగిన పాత్ర కూడా ఇందులోనే. ఇది నన్నిలం వంటి కావేరి డెల్టా అగ్రహారాలను లోపలి నుంచి చూసినవాడు తీసిన సినిమా. ఆ రోజుల్లో పెద్ద దుమారమే లేచింది. ఇక్కడ మొదటిసారిగా ఆయనకు ఒక గది చాలలేదు, మనుషులను వీధిలోకి పంపవలసి వచ్చింది. మరుసటి ఏడు తీసిన ‘అవళ్ ఒరు తొడర్‌కదై’ మనకు ‘అంతులేని కథ’ అయింది కదా, దాని విత్తనం ఇక్కడే ఉంది. కాబట్టి నా లెక్కలో దర్శకుడు బాలచందర్ 1973లో పుట్టారు. 1965 నాటిది నాటక రచయిత పొడిగింపు.

మైలాపూర్ తెలుగు:

1973 తర్వాత కూడా ఆయన గది వదిలిపెట్టలేదండీ. ‘అపూర్వ రాగంగళ్’లో రజనీకాంత్ తొలి ప్రవేశం గుర్తు తెచ్చుకోండి: మాసిన గడ్డంతో ఒక మనిషి పెద్ద గేటు రెండు రెక్కలూ తోసుకుని వస్తాడు, భైరవి ఇల్లు ఇదేనా అని అడుగుతాడు. అది తెర తీసి పాత్రను ప్రవేశపెట్టడమే. విశాఖలో తీసిన ‘మరోచరిత్ర’లో సినిమా పేర్లతో అల్లిన ‘కలసి ఉంటే కలదు సుఖము’ పాటను సముద్రం పక్కనే పెట్టుకుని లిఫ్టులో తీశారు. నాలుగు గోడలు, ఇద్దరు నటులు, తప్పించుకోవడానికి చోటు లేదు. విశాఖలో కూడా ఆయనకు సభ దొరికింది.

నలుపు తెలుపు:

లిఫ్టు సంగతి నాకు తట్టలేదు. ఆలోచించి రాస్తాను.

రంగస్థల విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఏడాది మా శాఖ ప్రదర్శనకు ‘ఎదిర్‌నీచ్చల్’ వంటి మెట్ల కింది కథను మేమే రాసుకుని వేద్దామనుకుంటున్నాం. మా వేదిక ఇరవై రెండు అడుగుల వెడల్పు. నిజమైన మెట్లు కడితే సగం వేదిక పోతుందని మా సాంకేతిక బృందం గొడవ పెడుతోంది. కృష్ణా తీరం గారూ, మీ క్లబ్బు గదిలో ఇలాంటి ఇబ్బంది వస్తే ఏం చేసేవారు?

కృష్ణా తీరం:

మెట్లన్నీ కట్టకు బాబూ. కింది నాలుగు మెట్లు కట్టి, ఐదో మెట్టు నుంచి పక్క తెర వెనక్కి పోనివ్వు. పైనుంచి పిలిచే గొంతులన్నీ తెర వెనుక స్టూలు మీద నిలబడినవాళ్ళవి. కింద పడుకున్న కుర్రవాడు ఆ గొంతు వచ్చిన ఎత్తుకు తల ఎత్తి చూస్తే చాలు, మిగతా మెట్లు చూసేవాళ్ళే కట్టుకుంటారు. స్టూలు మాత్రం గట్టిది చూసుకో. మా దగ్గర ఒకసారి ఇంటి యజమాని రెండో అంకంలో స్టూలుతో సహా వేదిక మీదికి వచ్చి పడ్డాడు.